ఆఫ్రికా వార్తను ఎవరి నోట వినవలెను?



కర్నూలు, కడప సీమలలో సంగటి యెరుగని యిల్లు లేదు. రాగి, జొన్న, సజ్జ మన మెట్టపొలములలోనే పుట్టిన పంటలని తలంచుచుందుము. నిజమునకు ఈ మూడును ఆఫ్రికాఖండమున మొదట సాగైనవి. తూర్పు సూడాను ప్రాంతమున సుమారు 5000 సంవత్సరముల క్రిందట జొన్నను సేద్యము చేసిన ఆనవాళ్లు దొరకినవి. సజ్జకు పుట్టినిల్లు మాలీ దేశపు మెట్టసీమ; రాగికి ఇథియోపియా, ఉగాండాల ఎత్తుభూములు. నేటికిని కెన్యా పల్లెలలో పిండిని ఉడికించి, గట్టిగా గెలికి, ముద్దచేసి, కూరతో తిందురు. ఇప్పుడది ఎక్కువగా మొక్కజొన్న పిండి, రాగిపిండితోను చేయుదురు. దాని పేరు ఉగాలి. మన సంగటికి అది తోబుట్టువే.

ఇంతటి చుట్టరికము గల ఖండమును గూర్చి మనకు తెలిసినది స్వల్పము. ఆఫ్రికాలో ఐక్యరాజ్యసమితి సభ్యత్వము గల దేశములు 54. అచ్చటి భాషలు సుమారు రెండువేలు. వైశాల్యమున అది మన దేశమునకు తొమ్మిది రెట్లు. అయినను "ఆఫ్రికాలో ఇట్లు జరిగినదట" అని ఒక్కమాటలో ముగింతుము. 2014 సంవత్సరమున ఎబోలా వ్యాధి ప్రధానముగా గినీ, లైబీరియా, సియెరా లియోన్ దేశములలో ప్రబలినది. అచ్చటికి ఐదువేల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న కెన్యాకు పోవుటకు సైతము జనులు వెఱచిరి.

తెలియమి వలన భయమే గాక అపచారమును కలుగును. 2017 మార్చిలో ఢిల్లీ చెంతనున్న గ్రేటర్ నోయిడాలో ఒక కుర్రవాడు మరణించిన సందర్భమున, అచ్చటి నైజీరియా విద్యార్థులు నరమాంసము తిందురని వదంతి పుట్టినది. ఆ వదంతిని నమ్మిన గుంపులు ఏ పాపమెరుగని ఆఫ్రికా విద్యార్థులను పట్టి కొట్టినవి. హైదరాబాదులోను, విశాఖపట్టణములోను ఆ ఖండపు బిడ్డలు చదువుకొనుచున్నారు. మన బిడ్డలు పరదేశములలో ఉన్నట్లే వారును మన యింట అతిథులు. కాబట్టి వారి దేశపు వార్తను సరిచూచుకొనుట మన ధర్మము.

ఇందుకు క్రొత్త విద్య యేదియు అక్కరలేదు. ఆత్మకూరులో వాన కురిసినదని ప్రొద్దుటూరులో ఒకడు చెప్పినచో, "నీవు చూచితివా? ఎవరు చెప్పిరి? ఎన్నడు కురిసినది?" అని అడుగుదుము గదా. ఆఫ్రికా వార్తను గూర్చియు ఇవే ప్రశ్నలు వేయవలెను. ఖండములో ఏ దేశము? ఆ దేశమున ఏ ఊరు? చెప్పినవాడు అచ్చట నుండెనా? తేదీ యేది? రెండవవా రెవరైన అదే చెప్పిరా? చేతిఫోనులో వచ్చిన బొమ్మ పాతదై, మరియొక దేశమునకు చెందినదై ఉండవచ్చును. ఊరు, తేదీ లేని వార్తను పదిమందికి పంపరాదు.

ఇక నమ్మదగిన తావులు. మీ మనుమలు అంతర్జాలమున వీనిని చదివి వినిపింపగలరు. నైరోబీ నుండి వెలువడు నేషన్ పత్రిక కెన్యా విషయములకును, ప్రీమియం టైమ్స్ నైజీరియా విషయములకును ఉపకరించును. ఆల్ ఆఫ్రికా అను సంస్థ పలు దేశముల పత్రికావార్తలను ఒక్కచోట కూర్చును. 2012లో స్థాపితమైన ఆఫ్రికా చెక్ వదంతుల నిజానిజములను విచారించి చెప్పును. చరిత్రకు యునెస్కో సంస్థ 1964లో పూనుకొన్న ఆఫ్రికా సామాన్య చరిత్ర కలదు. మొదట ఎనిమిది సంపుటములుగా వెలువడిన ఈ గ్రంథమునకు ఆఫ్రికా పండితులే పెక్కురు కర్తలు. వెల లేకయే చదువవచ్చును. మెట్టపంటల విషయమునకు 1972లో పటాన్‌చెరువున నెలకొల్పిన ఇక్రిశాట్ మనకు దగ్గరిది. ఆ సంస్థ ఆఫ్రికా దేశములలోను పనిచేయుచున్నది.

కథయు చరిత్రయు ఒకటి గావు. అలెక్స్ హేలీ రచనను సహవాసి "ఏడుతరాలు" పేర తెలుగు చేయగా వేలమంది చదివి కన్నీరు పెట్టిరి. బానిసల బాధను తెలుపుటలో అది గొప్ప గ్రంథమే. అయినను అందలి వంశవృత్తాంతమును చరిత్రకారులు పిమ్మట ప్రశ్నించిరి. హృదయము కదలుటకు కథను, సాక్ష్యమునకు దస్తావేజును ఆశ్రయింపవలెను.

అట్టి దస్తావేజులు మన తెలుగువారికిని కలవు. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి కూలీలతో దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరినది. 1911 వరకు సుమారు లక్షాయేబదిరెండువేల మంది భారతీయులు ఇట్లే నేటాలునకు పోయిరి. వారిలో తెలుగువారు పెక్కురు. వారి సంతతి 1931లో ఆంధ్రమహాసభను స్థాపించుకొనిరి. ఓడలెక్కినవారి పేరు, తండ్రిపేరు, వయస్సు, జిల్లా, గ్రామము వ్రాసిన పట్టికలు నేటికిని నిలిచియున్నవి, అంతర్జాలమున చూడవచ్చును.

కావున మీ గ్రామములో ఎవరి వంశమునందైనను "నేటాలు పోయి తిరిగిరాలేదు" అను మాట యుండినచో, ఆ పేరును, ఊరును, తెలిసినంతవరకు సంవత్సరమును కాగితముపై వ్రాసి, చదువుకొన్న బిడ్డచేత ఆ పట్టికలలో వెదకింపుడు. ఊరి పేరు తెల్లవారి వ్రాతలో మారియుండవచ్చును. రెండు మూడు విధముల పలికి చూడుమని చెప్పుడు. అందరికిని దొరకకపోవచ్చును. దొరకినవారికి ఆఫ్రికా ఇక పరాయిసీమ కాదు.

సెలవు.