అమ్మవారు పోస్తే మందు మానాలా?

వార్‌హామర్ అనే ఆటలోని కల్పిత లోకంలో నర్గల్ అనే దేవుడున్నాడు. కుళ్ళూ తెగులూ ఆయనిచ్చే వరాలు. ఒళ్ళంతా పుళ్ళు పడ్డా భక్తులు ఆయన్ని తాతా అని మురిపెంగా పిలుచుకుంటారు. పొక్కుల జబ్బు రూపంలో వస్తుందని నమ్మే మన అమ్మవారినీ ఆయనతో ఒకే గాటన కట్టేసేవాళ్ళున్నారు.

అపోహ: అమ్మవారి భక్తులు రోగాన్ని పూజిస్తారు.

ఎంతమాత్రం కాదు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన భిలాయిలో, ఉక్కు కర్మాగారం పనికొచ్చి స్థిరపడ్డ తెలుగిళ్ళలో పిల్లాడికి పొక్కులు లేస్తే 'అమ్మవారు పోసింది' అంటారు. పక్క క్వార్టర్ ఛత్తీస్‌గఢీ ఇల్లాలు 'మాతా వచ్చింది' అంటుంది. రెండిళ్ళలోనూ గుమ్మానికి వేపమండ, పక్క మీద వేపాకు. దురద పుట్టిన చోట గోరు తగలనివ్వకుండా తల్లి వేపరెమ్మతో మెల్లగా నిమురుతుంది. భిలాయి పక్కనే ఉన్న దుర్గ్ చుట్టుపక్కల పల్లెల్లోని శీతలా మాత గుడిలోనైనా, మనవైపు పోలేరమ్మ గుడిలోనైనా మొక్కు ఒక్కటే: చల్లబడు తల్లీ, బిడ్డను విడిచిపో. శీతలాష్టమి నాడు శీతలా మాతకు పొయ్యి వెలిగించకుండా ముందురోజు వండిన చద్దినే నైవేద్యం పెడతారు. నర్గల్ భక్తుడు రోగం ఉండాలంటాడు, మనవాళ్ళు పోవాలంటారు.

అపోహ: మందు వేస్తే తల్లికి కోపం వస్తుంది.

పిల్లల ప్రాణాల మీదికి తెచ్చే మాట ఇదే. ఇప్పుడు మనం చూసే ఆటలమ్మ వేరిసెల్లా జోస్టర్ అనే వైరస్ వల్ల వస్తుంది. చాలామంది పిల్లల్లో దానంతటదే తగ్గుతుంది. పెద్దవాళ్ళలో, గర్భిణుల్లో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళలో ముదురుతుంది. వాళ్ళకిచ్చే ఎసైక్లోవిర్ అనే మందు పొక్కులు లేచిన 24 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. అమ్మవారు తగ్గి నీళ్ళు పోశాక డాక్టరు దగ్గరికి వెళ్దాంలే అనుకుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. పిల్లల జ్వరానికి పారాసిటమాల్ ఇవ్వొచ్చు, ఆస్పిరిన్ మాత్రం ఇవ్వకూడదు. కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రై సిండ్రోమ్ వచ్చే ప్రమాదం ఉంది.

భక్తికీ వైద్యానికీ పాతకాలంలోనే ఇంత దూరం లేదు. బెంగాల్‌లో టీకాదార్లు దేవిని ప్రార్థిస్తూనే మశూచి పొక్కుల రసాన్ని చేతికి గీరి ఎక్కించేవారని హాల్వెల్ అనే బ్రిటిష్ వైద్యుడు 1767లోనే రాశాడు.

అపోహ: పెద్దమ్మవారు మళ్ళీ రావచ్చు.

పెద్దమ్మవారు, అంటే మశూచి, లోకంలోనే లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. మన దేశంలో చివరి కేసు 1975 మేలో కనిపించింది. అంతకు ఏడాది ముందే మశూచి మరో ఉక్కునగరం జంషెడ్‌పూర్ నుంచి రైళ్ళలో ఊరూరికీ పాకింది. భిలాయి ఉన్నదీ జంషెడ్‌పూర్ మీదుగా వెళ్ళే హౌరా–ముంబయి లైను మీదే. ఇంటింటికీ తిరిగి వెతికి టీకాలు వేసిన కార్యకర్తల చలవే మనం ఇవాళ అనుభవిస్తున్నాం.

అపోహ: పొక్కులు కనిపిస్తేనే అంటుకుంటుంది.

ఆటలమ్మ పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది, అన్నీ పెచ్చులు కట్టేదాకా ఆ ముప్పు తప్పదు. కాబట్టి వేపమండ కట్టి రాకపోకలు ఆపడం మంచి ఆచారమే, మానొద్దు. దానితోపాటు ఆటలమ్మ టీకా రెండు డోసులూ వేయించండి. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు, పిల్లల డాక్టరును మనమే అడగాలి.