నొక్కితే నొప్పి పుడితే బీపీ ఉన్నట్టేనా?

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న కండను గట్టిగా నొక్కి చూడండి. లోపల ఎక్కడో మెలిపెట్టినట్టు నొప్పి లేస్తుంది, చెయ్యి కాస్త బరువెక్కుతుంది. ఆక్యుపంక్చర్‌లో ఈ బిందువు పేరు హెగూ. ఇక్కడ నొక్కి, ఎదుటివాళ్లు "అబ్బా" అనగానే "మీకు బీపీ ఉందండీ" అని తేల్చేసేవాళ్లు ఉన్నారు.

అక్కడ నొక్కితే బీపీ లేనివాళ్లకూ నొప్పే.

అసలు భయపడాల్సింది నొప్పి పుట్టనివాళ్ల గురించి. "నాకేం తెలియలేదు, కాబట్టి బీపీ లేదు" అని వాళ్లు నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోతారు. పరిశోధనల్లో తేలింది దీనికి పూర్తిగా విరుద్ధం. 1980లో జమీర్, షూబర్ అనే పరిశోధకులు పంటికి కొద్దికొద్దిగా కరెంటు పెంచుతూ పరీక్షించారు. బీపీ ఎక్కువున్నవారికి మిగతావారి కంటే ఎక్కువ కరెంటు ఇస్తే గానీ నొప్పి తెలియలేదు. తర్వాతి అధ్యయనాలు చాలావరకు ఇదే మాట చెప్పాయి. మెడలోని పెద్ద ధమనుల్లో రక్తపు ఒత్తిడిని పసిగట్టే నరాల కొసలుంటాయి. అవి మెదడుకు పంపే సంకేతాలే నొప్పిని కూడా అణుస్తుండవచ్చని ఒక వివరణ. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో, ఎవరూ గుర్తించకుండానే వచ్చిపోయిన గుండెపోట్లు బీపీ ఉన్నవారిలోనే ఎక్కువగా కనిపించాయి. ఇక సుగర్ కూడా తోడైతే పాదాల్లో స్పర్శే మొద్దుబారుతుంది. చేతినే కాదు, అరికాలిని నొక్కి రోగం చెబుతామన్నా, మొద్దుబారిన అరికాలితో అదెలా?

బిందువుల మాటలో అసలేమీ లేదని కాదు. దక్షిణ కొరియా పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, కదలకుండా కట్టిపెట్టి బీపీ పెంచిన ఎలుకల మణికట్టు దగ్గర చర్మంపై చిన్నచిన్న వాపు మచ్చలు తేలాయి. వాటిలో చాలావరకు ఆక్యుపంక్చర్ బిందువులున్న చోట్లే. ఆసక్తికరమైన విషయమే, కానీ అవి ఎలుకలు. మనిషి బీపీని వేలితో కొలవడానికి అది ఆధారం కాదు.

సూదులు వేయించుకుంటే మాత్రలు మానేయవచ్చన్నది మరో అపోహ. జర్మనీలో 160 మందిపై జరిగిన అధ్యయనం 2007లో వెలువడింది. 6 వారాల్లో 22 సార్లు సూదులు వేశాక పై అంకె సగటున 5.4 పాయింట్లు తగ్గింది. ఆపేసిన 3 నెలలకు మళ్లీ మొదటికే వచ్చింది. అమెరికాలో 192 మందిపై జరిగి, 2006లో ఫలితాలు వెలువడిన అధ్యయనంలోనైతే అసలు బిందువుల్లో గుచ్చినా, వేరేచోట గుచ్చినా తేడా కనబడలేదు.

నొప్పి పుట్టేలా నొక్కితే బీపీ దిగుతుందనుకోవడమూ పొరపాటే. చేతిని ఐసునీళ్లలో ముంచితే బీపీ పెరుగుతుంది. నొప్పి ఏదైనా కాసేపు చేసేది అదే పని.

బీపీ సంగతి తెలియాలంటే చేతికి పట్టీ కట్టాల్సిందే. అంతకుముందు అరగంట కాఫీ, టీ, సిగరెట్ వద్దు. వీపు ఆనించి, పాదాలు నేలకు తాకించి, 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. ఒకసారి చూశాక నిమిషం ఆగి మళ్లీ చూడాలి.