ఎవరూ తరమడం లేదు... అయినా పరుగు ఆపలేదు!

కిందటేడాది మే నెలలో అమ్మ తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చింది. వచ్చిన మూడో రోజు పొద్దున్నే ఆరున్నరకు నేను బూట్లు వేసుకుంటుంటే కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

‘‘ఎక్కడికిరా ఇంత పొద్దున్నే?’’

‘‘పరిగెత్తడానికమ్మా.’’

‘‘ఎవరు తరుముతున్నార్రా నిన్ను?’’

మా ఆవిడ, మా అబ్బాయి పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వేశాను. కానీ ఆ ప్రశ్న ఆ రోజంతా వదల్లేదు. ఎందుకంటే ఒకప్పుడు నన్ను నిజంగానే ఒకటి తరిమింది. అది తరమడం మానేశాక నా పరుగూ ఆగిపోయింది. అమ్మ చూసిన ఆ పొద్దున, నేను మూడోసారి మొదలుపెట్టి నాలుగు రోజులే అయింది.

44 అనే అంకె

మేం ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాం. నాది ఐటీ ఉద్యోగం. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి సోఫాలోకి. శనివారం వస్తే ఎవరో ఒకరింట్లో భోజనాలు. బిర్యానీ, గోంగూర మటన్, చివర్లో డబుల్‌కా మీఠా. ఈ పేజీ చదివేవాళ్లకు నేను వివరంగా చెప్పక్కర్లేదు.

ఇక్కడ 40 దాటినవాళ్లను ఎన్‌హెచ్‌ఎస్ అయిదేళ్లకోసారి హెల్త్ చెక్‌కు పిలుస్తుంది. 43వ ఏట వెళ్లాను. హెచ్‌బీఏ1సీ 44 వచ్చింది. ఇక్కడి లెక్కలో 42 నుంచి 47 దాకా ఉంటే షుగరు గుమ్మంలో నిలబడ్డట్టు. 48 వస్తే లోపలికి వచ్చేసినట్టు. మన ఊళ్లో చెప్పే లెక్కలో 44 అంటే 6.2 శాతం. ‘నా బీఎంఐ 26 కదా, పెద్ద లావేం కాదు’ అన్నాను నర్సుతో. తెల్లవాళ్లకు 25 హద్దు అయితే, మన దక్షిణాసియా వాళ్లకు 23 నుంచే జాగ్రత్తపడాలని ఆమె చెప్పింది.

నాన్నకు 51వ ఏట షుగరు వచ్చింది. 59వ ఏట గుండెపోటుతో పోయారు. ఫోన్ వచ్చేటప్పటికి నేను ఆఫీసులో ఉన్నాను. హీత్రూలో విమానం ఎక్కేసరికే అంతా అయిపోయింది. 43 నుంచి 59కి ఎన్నేళ్లో నర్సు ముందే వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఇంట్లో మా అబ్బాయికి అప్పుడు పదేళ్లు.

అదీ నన్ను తరిమింది.

అరవై సెకన్ల పరుగు

ఫోన్‌లో ‘కౌచ్ టు 5కె’ వేసుకున్నాను. సోఫాలో కూర్చునేవాణ్ని 5 కిలోమీటర్ల పరుగు దాకా తీసుకెళ్లే తొమ్మిది వారాల పద్ధతి ఇది. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ యాభై దాటిన వాళ్లమ్మను దృష్టిలో పెట్టుకుని దీన్ని తయారుచేశారు. వారానికి మూడు రోజులే. మొదటి వారంలో అయిదు నిమిషాలు చురుగ్గా నడవాలి. తర్వాత అరవై సెకన్లు పరుగు, తొంభై సెకన్లు నడక, ఇలా మార్చి మార్చి ఇరవై నిమిషాలు.

అరవై సెకన్లే కదా అనుకున్నాను. రెండో విడతకే రొప్పు వచ్చి దీపస్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఎవరైనా మనవాళ్లు చూస్తారేమోనని చీకటి పడ్డాక వెళ్లేవాణ్ని. మా ఊళ్లో నడిచేవాళ్లకు, సైకిళ్లకు ఎర్రటి తారు దారులు వేరుగా ఉంటాయి. రెడ్‌వేలు అంటారు. వాటి మీద, చెట్ల కింద, ఎవరికీ కనపడకుండా పరిగెత్తాను. అయిదో వారం చివర్లో ఆగకుండా ఇరవై నిమిషాలు పరిగెత్తాల్సి వచ్చినప్పుడు ముందు రోజు రాత్రి నిద్ర పట్టలేదు. తొమ్మిది వారాల పని నాకు పన్నెండు వారాలు పట్టింది. అయినా పూర్తిచేశాను.

మరుసటి ఏడాది పరీక్షలో 41 వచ్చింది. ఇంట్లో పాయసం చేసుకున్నాం. అంకె దిగింది, దాంతోపాటు భయమూ దిగింది. నెల తిరక్కుండా బూట్లు అటక ఎక్కాయి.

వాచీ చెప్పిన మాట విని...

ఉత్సాహం తగ్గిందంటే కొత్త వస్తువు కొనుక్కోవాలనేది మన ఐటీవాళ్ల నమ్మకం. ఖరీదైన వాచీ కొన్నాను. యాప్‌లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద పరిగెత్తే మా బాబాయి కొడుకు వేగం చూసి, వాణ్ని దాటాలని పట్టుబట్టాను. వాడికి 27, నాకు 44. నాలుగు వారాల్లో దూరం రెట్టింపు చేశాను. ముంగాలి ఎముక వెంట నొప్పి మొదలై, మెట్లు దిగాలన్నా కష్టమైంది. ఆరు వారాలు విశ్రాంతి.

కాలు బాగయ్యేసరికి అక్టోబరు వచ్చింది. ఆ నెలాఖరు ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిరిగాయి. డిసెంబరులో ఇక్కడ ఎనిమిది దాటాకే తెల్లవారుతుంది, నాలుగు కాకుండానే చీకటి పడుతుంది. పైన సన్నటి వాన. అలారం మోగితే ఆపేసి పడుకునేవాణ్ని. పడుకున్నందుకు రోజంతా నన్ను నేనే తిట్టుకునేవాణ్ని. నాకు పట్టుదల లేదు, మా వంశమే అంత అనుకున్నాను.

అమ్మ చెప్పిన సంగతి

ఆ మే నెల ఆదివారం సాయంత్రం అమ్మా నేనూ విల్లెన్ చెరువు గట్టున నడుస్తున్నాం. గట్టు మీద 1980లో కట్టిన తెల్లటి శాంతి స్తూపం ఉంది. అమ్మ దానికి దణ్ణం పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. ‘‘మీ నాన్న కూడా ఇట్టాగే మొదలెట్టారురా’’ అంది.

నాకు తెలియదు. నేనప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. షుగరు బయటపడ్డప్పుడు డాక్టరు గట్టిగా చెబితే నాన్న కాలేజీ గ్రౌండుకు నడకకు వెళ్లేవారట. పక్కింట్లో ఉండే బ్యాంకు మేనేజరుగారు తోడు. అయిదింటికల్లా ఆయన గేటు చప్పుడు చేసేవారు, ఈయన కండువా వేసుకుని బయల్దేరేవారు. మూడు నెలలు ఒక్కరోజు తప్పలేదు. తర్వాత మేనేజరుగారికి బదిలీ అయింది. నాన్న నాలుగు రోజులు ఒక్కరే వెళ్లారు. అయిదో రోజు పేపరు పట్టుకుని వరండాలో కూర్చున్నారు. అడిగితే, ‘మందులు వేసుకుంటున్నాగా’ అనేవారు.

‘‘భయం లేక కాదురా ఆయన మానేసింది. తోడు లేక. నేనన్నా వెళ్లాల్సింది. పొద్దున్నే వంటింట్లో పనుందనుకున్నా’’ అంది అమ్మ. ఆ మాట అనేటప్పుడు నా వంక చూడలేదు, నీళ్ల వంక చూస్తోంది.

ఎనిమిదేళ్లుగా ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదట. ‘అందులో నీ తప్పేముందమ్మా’ అన్నాను. వినలేదు. లేచి, ‘పద, చలేస్తోంది’ అంది.

ఆ రాత్రే మా వీధి చివర ఉండే కరీంనగర్ మిత్రుడికి మెసేజ్ పెట్టాను. ఆయనకు బీపీ. ఆయనా రెండుసార్లు మొదలుపెట్టి మానేసినవాడే. ‘మంగళ, గురువారాలు ఆరున్నరకు మీ గేటు దగ్గర ఉంటా’ అని రాశాను. ‘సరే అన్నా, రాకపోతే బెల్లు కొట్టు’ అన్నాడు.

చివరివాళ్లం అవుతామన్న భయం లేదు

శనివారాలకు పార్క్‌రన్ దొరికింది. చాలామందికి పేరు తెలిసే ఉంటుంది. 2004 అక్టోబరు 2న లండన్ శివార్లలోని బుషీ పార్కులో 13 మందితో మొదలైంది. దాన్ని ప్రారంభించిన పాల్ సింటన్ హెవిట్ అప్పట్లో దెబ్బ తగిలి పరిగెత్తలేని స్థితిలో ఉన్నారు. పరుగు స్నేహితులకు దూరమవుతానేమోనని, వాళ్లందరినీ వారానికోసారి ఒకచోట కలిపే ఏర్పాటు చేశారు. తోడు కోసం పుట్టిన పరుగన్నమాట! ఇప్పుడది దేశదేశాలకూ పాకింది.

ఇంగ్లండులో ప్రతి శనివారం ఉదయం 9 గంటలకు, 5 కిలోమీటర్లు. పైసా కట్టక్కర్లేదు. వెబ్‌సైట్‌లో ఒకసారి పేరు నమోదు చేసుకుని, వాళ్లిచ్చే బార్‌కోడ్ పట్టుకెళ్తే చాలు. పరిగెత్తొచ్చు, నడవొచ్చు. నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. అందరికన్నా వెనకాల ‘టెయిల్ వాకర్’ అనే వలంటీరు నడుస్తారు. కాబట్టి వచ్చినవాళ్లలో ఎవరూ ఆఖరివాళ్లు కారు. పదకొండేళ్లలోపు పిల్లలు పెద్దవాళ్ల పక్కనే ఉండాలి. 4 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చాలా ఊళ్లలో ఆదివారం 2 కిలోమీటర్ల జూనియర్ పార్క్‌రన్ ఉంటుంది.

జూన్‌లో ఒక శనివారం అమ్మ కూడా వచ్చింది. చీర మీద స్వెటరు, కాళ్లకు మా ఆవిడ స్పోర్ట్స్ బూట్లు. మా ఆవిడతో కలిసి నడక మొదలుపెట్టింది. నేను ముందే పూర్తిచేసి గీత దగ్గర నిలబడ్డాను. గంట దాటాక ఇద్దరూ కనిపించారు. వెనకాల టెయిల్ వాకర్‌గా ఒక తెల్ల ముసలాయన. అమ్మకు ఇంగ్లిషు రాదు, ఆయనకు తెలుగు రాదు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూనే వస్తున్నారు. గీత దగ్గర నిలబడ్డవాళ్లంతా చప్పట్లు కొట్టారు. అమ్మ సిగ్గుపడి కొంగు భుజం మీదికి లాక్కుంది. ఇంటికెళ్లాక, తాను తెచ్చిన తెలుగు క్యాలెండరులో ఆ తేదీ పక్కన పాల లెక్క రాసినట్టు గీత గీసింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరు పరిగెత్తినా, నడిచినా అందులో గీత పడాల్సిందే. నా ఖరీదైన వాచీ చేయలేని పని ఆ క్యాలెండరు చేసింది.

ఈ మాట చెప్పేటప్పుడు ఫౌజా సింగ్‌గారు గుర్తొస్తారు. భార్య, కొడుకు పోయిన దుఃఖంలో లండన్‌లో ఉంటూ, 89వ ఏట పరుగు పట్టిన పంజాబీ పెద్దాయన. పాస్‌పోర్టులోని వయసు ప్రకారం 100వ ఏట, 2011లో టొరంటో మారథాన్ పూర్తిచేశారు. ఆయన పట్టుదల గురించే అందరూ చెబుతారు. కానీ ఆయన వెంట కోచ్ హర్మందర్ సింగ్, తోటి రన్నర్ల బృందం ఉన్నారు. వందేళ్ల మనిషి కూడా ఒంటరిగా పరిగెత్తలేదు.

చలికాలం దాటించినవి

ఈ చలికాలం నేను మానలేదు. వీరత్వం ఏమీ లేదు, చిన్న ఏర్పాట్లు అంతే.

మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగే వేగమే మా వేగం. నోట మాట రాకపోతే వేగం తగ్గించడం. మా కరీంనగర్ మిత్రుడు కేసీఆర్ మీద, నేను చంద్రబాబు మీద వాదించుకుంటూ 5 కిలోమీటర్లు పూర్తిచేసేస్తాం. వారానికి మూడు రోజులు చాలు. మిగతా రోజులు కాళ్లకు విశ్రాంతి. దూరం పెంచాలంటే కొంచెం కొంచెంగానే.

బట్టలు, బూట్లు, చీకట్లో మెరిసే జాకెట్టు రాత్రే కుర్చీ మీద పెట్టుకుంటాను. మరీ బద్ధకంగా ఉన్న రోజు ‘పది నిమిషాలే’ అనుకుని బయల్దేరతాను. పది నిమిషాలకు వెనక్కి తిరిగిన రోజులూ ఉన్నాయి. వాటికీ క్యాలెండరులో గీత పడుతుంది. పొద్దున కుదరకపోతే, ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో మధ్యాహ్నం భోజన విరామంలో వెళ్తాను. ఆ కాస్త వెలుగే ఈ దేశంలో చలికాలపు మందు. జనవరిలో మడమ నొప్పెడితే రెండు శనివారాలు పరుగు మానేసి, పార్క్‌రన్‌లో బార్‌కోడ్‌లు స్కాన్ చేశాను. పరుగు ఆగింది గానీ, వెళ్లడం ఆగలేదు. ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా మాత్రం మొండితనం పనికిరాదు. ఆగి డాక్టరును కలవాల్సిందే.

నా వేగం పెద్దగా పెరగలేదు. 5 కిలోమీటర్లకు ఇప్పటికీ 34 నిమిషాలు. బాబాయి కొడుకును ఈ జన్మలో దాటలేను. ఈ ఏడాది పరీక్షలో 41 మీద ఇంకా తగ్గలేదు. ఇంతకుముందైతే నిరాశపడేవాణ్ని. ఇప్పుడు ఆ అంకె ఎంతయినా మంగళవారం ఆరున్నరకు ఆ గేటు దగ్గర ఉండాలి. వెళ్లకపోతే అవతలి మనిషి చలిలో నిలబడి ఉంటాడు.

మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఏ ఊళ్లోనైనా వాట్సాప్ గ్రూపులకు లోటు లేదు. అందులో ‘పొద్దున ఆరున్నరకు ఎవరైనా వస్తారా?’ అని ఒక్క మాట అడిగి చూడండి. మీలాగే అటక మీద బూట్లు పెట్టుకున్నవాళ్లు ఒక్కరైనా ఉంటారు.

అమ్మ అక్టోబరులో తెనాలి వెళ్లిపోయింది. శనివారం పార్క్‌రన్ నుంచి వచ్చి, స్నానం చేసి, పన్నెండింటికి ఫోన్ చేస్తాను. అక్కడ సాయంత్రం అయిదున్నర. మొదట్లో అరగంట మాట్లాడేది. ఇప్పుడు, ‘‘వెళ్లొచ్చావా? గీత గీశావా?’’ అని రెండు ముక్కలు అడుగుతుంది. మొన్నయితే అదీ పూర్తిగా అడగలేదు.

‘‘ఎదురింటి వదినగారు గేటు దగ్గర నిలబడ్డారురా. గ్రౌండుకు పోవాలి. పెట్టేస్తున్నా’’ అని ఫోన్ పెట్టేసింది.