ఏది దాచాలి? ఏది చెరపాలి?

1969 జూలైలో అపోలో-11 యాత్రలో మానవుడు తొలిసారిగా చంద్రునిపై కాలు మోపాడు. అక్కడి నుంచి వచ్చిన దృశ్య సంకేతాలను నేరుగా నమోదు చేసిన అయస్కాంత టేపుల కోసం చాలా ఏళ్ళ తరువాత నాసా వెదికింది. అవి దొరకలేదు. టేపుల కొరత వచ్చినప్పుడు వాటిని చెరిపి మళ్ళీ వాడి ఉంటారని 2009లో తేల్చింది. టెలివిజన్ ప్రసారానికి మార్చిన నకళ్ళు మిగిలాయి గాని, వాటిలో అసలుకున్నంత స్పష్టత లేదు.

చోటు కోసం అసలును చెరిపితే ఇలాగే అవుతుంది. ఈ చిక్కు మీకూ రావచ్చు. పాఠశాల వార్షికోత్సవాన్ని ఫోనుతో తీసి, కంప్యూటరులో ఎడిటింగు చేసి, పది నిమిషాల చిత్రం తయారు చేశారనుకోండి. డిస్కు నిండిపోయింది. ఎందుకని?

చిన్న లెక్క వేద్దాం. ఒక బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగుకు 3 బైట్లు. అంటే బొమ్మకు 62,20,800 బైట్లు. సెకనుకు 30 బొమ్మల చొప్పున నిమిషానికి సుమారు 1,120 కోట్ల బైట్లు, అనగా 11 గిగాబైట్ల పైనే!

ఫోను అంతా రాయదు. వరుస బొమ్మలలో మారని భాగాన్ని వదిలి, మారినదాన్నే ముఖ్యంగా రాసుకుంటుంది. అందుకే నిమిషానికి సుమారు 100 మెగాబైట్లతో సరిపెట్టగలదు. గట్టిగా పిండిన బట్టను మళ్ళీ పిండితే నీళ్ళు రావు కదా! అలాగే వీడియోను జిప్ చేసినా చోటు పెద్దగా కలిసిరాదు.

మరి ఏం తీసెయ్యాలి? ఎడిటింగు ఫోల్డరులో నాలుగు రకాల ఫైళ్ళుంటాయి.

మొదటిది ప్రాజెక్టు ఫైలు. "ఈ క్లిప్పులో 12వ సెకను నుంచి 20వ సెకను వరకు తీసుకో" వంటి సూచనలే ఇందులో ఉంటాయి, సాధారణంగా బొమ్మలుండవు. ఇది వంట విధానం రాసిన కాగితం వంటిది. బియ్యం, చింతపండు పారబోసి కాగితం దాచుకుంటే పులిహోర వస్తుందా? ఆ సరుకులే రెండవ రకం: అసలు క్లిప్పులు, ఫొటోలు, పాటలు. మూడవది, పని సులువుకోసం కంప్యూటరు చేసుకున్న తాత్కాలిక ఫైళ్ళు. కాషె, ప్రాక్సీ ఇలాంటివే. నాలుగవది పూర్తయిన చిత్రం.

సూత్రం ఒక్కటే: కంప్యూటరు మళ్ళీ చేయగలిగినదాన్ని చెరపండి, మళ్ళీ తీయలేనిదాన్ని దాచండి. మూడవ రకాన్ని నిర్భయంగా తీసెయ్యవచ్చు. చిత్రంలో వాడిన క్లిప్పులను మాత్రమే ఒకచోట చేర్చే సదుపాయం చాలా ఎడిటింగు ప్రోగ్రాములలో ఉంది. అలా చేర్చినదాన్ని వేరే కంప్యూటరులో తెరిచి, అన్నీ ఉన్నాయని చూసుకున్నాకే మిగతావి చెరపండి. రెండు డిస్కులలో రెండు ప్రతులు ఉంచి, ఒకటి వేరేచోట భద్రపరచండి.

ఇక ఒక ప్రయోగం. ఒక వీడియోనూ, ఒకే వాక్యాన్ని వెయ్యిసార్లు రాసిన ఫైలునూ విడివిడిగా జిప్ చేసి పరిమాణాలు పోల్చండి. ఏది బాగా తగ్గింది? ఎందుకో మీరే చెప్పండి!