ఒకే కుంకుడు రసము, నాలుగు తలలు

శుక్రవారము వచ్చినదన్న మా పెరటిలో నాలుగు పీటలు పడును. మా అత్తగారు, పురిటికి వచ్చిన మా ఆడపడుచు, మా పెద్దపిల్ల, చిన్నపిల్ల. చాలకాలము వీరందఱికిని మేము ఒకే గిన్నెడు కుంకుడు రసముతో, ఒకే దువ్వెనతో తలంటు కానిచ్చితిమి. మా పుట్టినింటను అట్లే జరిగెడిది. ఈ నూజివీడు ప్రాంతమున నేటికిని పెక్కిండ్లలో అట్లే జరుగుచున్నది. ఆ పద్ధతి తగదని మాకు మా చిన్నదాని కన్నీరు నేర్పినది.

దానిది ఉంగరాల జుట్టు. అక్కకువలెనే దానికిని తల ఆఱిన పిదప సన్నపండ్ల దువ్వెనతో కుదుళ్లనుండి క్రిందికి లాగుచుంటిమి. దువ్వెన నిండ తెగిన వెండ్రుకలే. దువ్వెన కంటఁబడినంతనే పిల్ల పరుగున పోయి మామిడిచెట్టు చాటున దాగెడిది. ఒకనాడు చుట్టపుచూపునకు వచ్చిన పెద్దావిడ యొకరు, "ఈ గొఱ్ఱెబొచ్చును కత్తిరించివేయరాదటమ్మా? రేపు దీనినెవరు చేసికొందురు?" అనిరి. తొమ్మిదేండ్ల పసిది ఆ మాట వినినది. మఱునాడు తలకు తువాలు చుట్టుకొనిగాని బడికి పోనని మొండికెత్తినది. మన ప్రబంధకవులు కుటిలకుంతల యనియు, అలకలనియు నాయిక ముంగురుల వంకరలనే గదా కొనియాడిరి! కావ్యములో మెచ్చిన వంపును కన్నబిడ్డ తలపై నేరముగా నెంచితిమే యని మాకు సిగ్గు కలిగినది.

అప్పుడు మావారు తెచ్చియిచ్చిన పుస్తకములు చూచితిమి. తిన్నని వెండ్రుకను అడ్డముగా కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో ఇంచుమించు గుండ్రముగా నుండును. ఉంగరాల వెండ్రుక కోలగా, నొక్కినట్లుండును. తలచర్మమున పుట్టెడి జిడ్డు తిన్నని వెండ్రుకపై చివరిదాక సులువుగా దిగును. ఉంగరములపై దిగలేక కుదుళ్లకడనే నిలుచును. కావున కొనలు ఎండి, పెళుసై తెగుచుండును. అది జుట్టు దోషము కాదు, దువ్వినవారి దోషము.

ఇప్పుడు ముందునాటి రాత్రియే దాని జుట్టు కొనలకు కొబ్బరినూనె పట్టింతుము. 2003లో ప్రకటితమైన పరిశోధనమొకదానిలో కొబ్బరినూనెను, ప్రొద్దుతిరుగుడు నూనెను, ఖనిజతైలమును సరిపోల్చి చూచిరి. వెండ్రుకలోని మాంసకృత్తు నష్టము కాకుండ కాపాడినది కొబ్బరినూనె యొక్కటే యని తేలినది. అది వెండ్రుక లోపలికి ఇంకును. ఉదయమున పలుచని కుంకుడు రసమును తలచర్మమునకే రాచి, పాయలను రుద్దక, ధారగా నీరు పోయుదుము. తడి యుండగనే రెండు చుక్కలు నూనె చేతికి రాచుకొని, మొదట వ్రేళ్లతోను, పిదప వెడల్పుపండ్ల కొయ్యదువ్వెనతోను, కొనలనుండి పైకి చిక్కు తీయవలెను. పాయను పైన పట్టుకొనినచో కుదురు నొవ్వదు. తుండుతో రుద్దక, పాత నూలు పంచెతో అదిమి తడి తీయుట మేలు.

పెద్దదానికి ఇదంతయు తలక్రిందులు. దానిది తిన్నని జుట్టు, జిడ్డు తల. వారమునకు రెండుమాఱులు పోసినగాని నిలువదు. దానికి నూనె తగ్గించితిమి. తడిసిన వెండ్రుక సాగి తెగును గనుక దాని తల ముప్పాతిక వంతు ఆఱిన పిదపనే దువ్వుదుము. చుండ్రునకు నూనె మందని మా పెద్దలు చెప్పిరి; కాని చుండ్రునకు తోడ్పడెడి సూక్ష్మజీవి ఆ జిడ్డును తినియే బ్రతుకును. చుండ్రు ఎంతకును విడువనిచో వైద్యుని యడిగి కీటోకోనజోల్ కలిసిన షాంపూ వాడుట మంచిది. షాంపూ యన్న మాట దొరలది కాదు సుమండీ! పిసుకుట, ఒత్తుట యను అర్థముగల హిందీ మాటనుండి వచ్చినది. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ గారు ఇంగ్లండులోని బ్రైటనులో స్నానశాల పెట్టి, ఒళ్లొత్తుటనే ఆ పేర దొరలకు రుచి చూపిరి.

కుంకుడు సంగతి కొంత చెప్పవలెను. మా బోరునీటిలో సున్నము హెచ్చు. అట్టి నీటిలో సబ్బు విరిగి, బూడిదరంగు మడ్డియై వెండ్రుకలను పట్టుకొనును. కుంకుడు నురుగునకు ఆ బాధ లేదు. పొడవు జుట్టునకు పది పండ్రెండు కాయలు చాలును. గింజలు తీసి, రాత్రి వేడినీట నానవేసి, ఉదయమున పిసికి గుడ్డలో వడకట్టవలెను. మంట పుట్టినగాని మురికి పోదని చిక్కని రసము పోయుట క్రౌర్యము. పిల్లలను వెల్లకిల పరుండబెట్టి పోసినచో కంటఁబడదు.

మామిడికోత దినములలో తోటలకు పోవు స్త్రీలు తలకు గుడ్డ కట్టుకొనుట మఱవరాదు. సొన చర్మమును పొక్కించును. జుట్టునకు అంటిన సొన వట్టి నీటితో పోదు. నూనె రాచిన పిదప కడుగవలెను.

అత్తగారి నెరసిన జుట్టునకు పదిదినములకొక తలంటు, గోరువెచ్చని నీరు చాలును.

సోదరీమణులారా, ఇక మా ఆడపడుచు సంగతి. కాన్పయిన మూడవ నెలలో ఆమెకు జుట్టు పిడికెళ్లుగా రాలెను. రాలినదంతయు ఉండలు చుట్టి పరుపు క్రింద దాచుచుండినది. రసాలు తిని వేడి చేసినదని ఇంటివారు మామిడిపండు మాన్పించిరి, పిదప పప్పు, గ్రుడ్డు కూడ. నిజమునకు గర్భముతో నున్నపుడు రాలవలసిన వెండ్రుకలు రాలక నిలిచి, కాన్పు తరువాత రెండుమూడు నెలలకు ఒక్కమాఱుగా రాలును. సాధారణముగా ఏడాదిలోపల మరల మొలచును. ఏ తలనుండియైనను దినమునకు 50 మొదలు 100 వెండ్రుకలు రాలుట సహజమే. అయినను ఆమె కనురెప్పల లోపలి పాలిపోయిన రంగు చూచి మేము వైద్యురాలికడకు తోడ్కొని పోతిమి. నెత్తురు పరీక్షలో ఇనుము తక్కువని తేలినది. జుట్టునకు పెట్టిన పథ్యము బాలెంతరాలి నెత్తురునకే చేటు తెచ్చుచుండెను. మాత్రలిచ్చి, అన్నియు తినుమని వైద్యురాలు చెప్పినది. పసివానికి పట్టెడి సాంబ్రాణి పొగను కూడ ఆమె మాన్పించినది. ఆ పొగ వాని ఊపిరికి మంచిది కాదట.

ఆ సాయంకాలమే అత్తగారు ఒక చిన్నరసము మెత్తగా పిసికి కూతురి చేతిలో పెట్టిరి. చిన్నపిల్ల ప్రక్కన కూర్చుండి తన కొయ్యదువ్వెనతో తానే చిక్కు తీసికొనుచుండినది. అడిగినను ఆ దువ్వెన అక్కకు ఇయ్యదు.