డాబ్సన్ పెట్టె

ఓజోన్ పొరకు చిల్లు పడిందన్న కబురు మొదట ఉపగ్రహమే చెప్పిందని చాలామంది అనుకుంటారు. చెప్పింది నేలమీది పెట్టె. చేత్తో డయల్ తిప్పుతూ, ముల్లు చూస్తూ కొలవాల్సిన యంత్రం. పేరు డాబ్సన్ స్పెక్ట్రోఫోటోమీటర్.

దీన్ని రూపొందించిన గోర్డన్ డాబ్సన్ మొదట్లో ఉల్కల వెంట పడ్డాడు. భౌతిక శాస్త్రవేత్త లిండెమన్‌తో కలిసి అవి మండే తీరు లెక్కగట్టి, పై వాతావరణం అందరూ అనుకున్నంత చల్లగా లేదని తేల్చాడు. ఆ వేడి ఎక్కడిది? సూర్యుడి అతినీలలోహిత కిరణాలను ఓజోన్ పీల్చుకోవడం వల్లనేమో! అలాగైతే ఓజోన్ ఎంతుందో కొలవాలి. 1924లో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి బోర్స్ హిల్‌లో, తన ఇంటి వర్క్‌షాపులోనే పరికరం తయారుచేసుకున్నాడు.

కిటుకు చిన్నదే. 305.5 నానోమీటర్ల కిరణాన్ని ఓజోన్ గట్టిగా పీల్చేస్తుంది. 325.4 దగ్గరున్న దాన్ని పెద్దగా ముట్టదు. నేలకు చేరాక రెండింటి నిష్పత్తి చూస్తే తలపైన ఎంత ఓజోన్ ఉందో తెలిసిపోతుంది. తొలి పరికరాలు ఈ కాంతిని ఫొటో ప్లేట్ల మీద పట్టేవి. ఎక్కడ తీసినా ప్లేట్లు ఆక్స్‌ఫర్డ్‌కే వెళ్లాలి. 1920ల చివర్లో అలా పంపిన చోట్లలో మన కొడైకెనాల్ ఒకటి. ఆ తర్వాత ప్లేట్ల స్థానంలో ఫొటోసెల్ వచ్చింది. డయల్ తిప్పితే లోపల ఒక పక్క నుంచి మరో పక్కకు ముదురుతూ పోయే ఫిల్టరు జరిగి, బలమైన కిరణాన్ని తగ్గిస్తుంది. రెండూ సమానమై ముల్లు సున్నా చూపగానే డయల్ మీది అంకె రాసుకోవడమే.

తలపైనున్న ఓజోన్ అంతటినీ నేలమీది పీడనానికి, సున్నా డిగ్రీలకు తెచ్చి పరిస్తే సగటున 3 మిల్లీమీటర్లు, ఇంచుమించు రెండు రూపాయి బిళ్ళల మందం. మిల్లీమీటరులో నూరో వంతు ఒక డాబ్సన్ యూనిట్. అంటే మామూలు లెక్క 300.

అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం కోసం ఈ పెట్టె 1956లో అంటార్కిటికాలోని హాలీ బేకు చేరింది. అక్కడి వసంతంలో, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో, ఉత్తర ధ్రువ ప్రాంతపు వసంతంతో పోలిస్తే దాదాపు 150 యూనిట్లు తక్కువ వచ్చాయి. డాబ్సన్ ముందు యంత్రాన్నో, కొలిచే మనిషినో అనుమానించాడు. నవంబరులో అంకె ఉన్నట్టుండి ఎగిసింది, మరుసటి ఏడూ అదే తంతు. అది అక్కడి గాలుల సహజ స్వభావమని తేలింది. ఈ కథనే పట్టుకుని కొందరు ‘చిల్లు అప్పుడే ఉంది కదా’ అని వాదించారు. ఆ వాదన నిలవదు. అప్పటి అక్టోబరు అంకె 300 దరిదాపుల్లోనే ఉండేది. 1984 నాటికి అది 200 కంటే కిందికి పడింది.

ఆ పతనాన్ని పట్టుకున్నవాళ్లు బ్రిటిష్ శాస్త్రవేత్తలు జో ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్. యంత్రం పాతబడి తప్పు చెబుతోందేమోనని ఇంకొకటి పెట్టి చూశారు. అదీ అదే మాట చెప్పింది. 1985 మే నెలలో ‘నేచర్’లో ప్రకటించారు. అంతకు ముందే జపానుకు చెందిన షిగెరు చుబాచి, అంటార్కిటికాలోని స్యోవా కేంద్రంలో ఇలాంటి పెట్టెతోనే 1982 నాటి తగ్గుదలను చూసి చెప్పాడు, పట్టించుకున్నవాళ్లు తక్కువ. నాసా ఉపగ్రహానికీ తక్కువ అంకెలు అందాయి. కాకపోతే 180 లోపు వచ్చిన వాటికి ‘సందేహాస్పదం’ అన్న గుర్తు తగిలించే ఏర్పాటు దాని సాఫ్ట్‌వేర్‌లో ఉంది.

దోషి ఎవరన్న అనుమానం అప్పటికే ఉంది. ఫ్రిజ్‌లు, స్ప్రే డబ్బాల నుంచి వెలువడే క్లోరోఫ్లోరోకార్బన్లు పైకెళ్లి క్లోరిన్‌ను వదులుతాయని, ఆ క్లోరిన్ ఓజోన్‌ను తినేస్తుందని రసాయన శాస్త్రవేత్తలు మొలీనా, రోలాండ్ 1974లోనే హెచ్చరించారు. అయితే ఈ వినాశం దక్షిణ ధ్రువం మీదే ఎందుకు? చలికాలంలో అక్కడి స్ట్రాటోస్ఫియర్ సున్నాకు దిగువన 78 డిగ్రీలను దాటి చల్లబడుతుంది. అప్పుడు ఏర్పడే మేఘాల కణాల మీద, కదలకుండా ఉన్న క్లోరిన్ సమ్మేళనాలు చురుకైన రూపంలోకి మారతాయి. వసంతపు ఎండ తగలగానే వేట మొదలు. అమెరికా శాస్త్రవేత్త సుసాన్ సోలమన్ ఇచ్చిన ఈ వివరణకు 1986లో అంటార్కిటికాలోని మెక్‌మర్డో కేంద్రానికి వెళ్లి చేసిన కొలతలు బలమిచ్చాయి.

క్లోరోఫ్లోరోకార్బన్లకు కళ్లెం వేసే మాంట్రియల్ ఒప్పందం 1987 సెప్టెంబరు 16న కుదిరింది. భారత్ 1992లో చేరింది. అంటార్కిటికా పైన ఓజోన్ 1980 నాటి స్థాయికి చేరేది సుమారు 2066లో అని 2022 నాటి అంతర్జాతీయ అంచనా.

హాలీ దగ్గరి మంచుఫలకంలో పగులు పెరగడంతో 2017 నుంచి చలికాలంలో అక్కడ మనుషులెవరూ ఉండటం లేదు. అయినా కొలతలు సాగాలని, డాబ్సన్ పెట్టె తానే కొలుచుకునేలా దానికి స్వయంచాలక ఏర్పాటు అమర్చారు.