భుజము కుదురుటకు గడువు

తెరమీది వీరుడు కత్తిదెబ్బ తిని మరుసటి దృశ్యములోనే గుఱ్ఱమెక్కును. ఆ వీరులను తీర్చిదిద్దు జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతములలో మాత్రము నిజముగా దెబ్బతిన్న భుజము అంత త్వరగా కుదుటపడదు. 'గౌతమీపుత్ర శాతకర్ణి' చిత్రీకరణలో భుజము గాయపడగా శ్రీ నందమూరి బాలకృష్ణగారు 2018 ఫిబ్రవరిలో హైదరాబాదులో శస్త్రచికిత్స చేయించుకొనిరి. 2021 నవంబరులో మరల భుజమునకు శస్త్రచికిత్స జరిగినప్పుడు వైద్యులు ఆరువారముల విశ్రాంతి విధించిరి. ఇంతకాలము చేతిని ఆపుట ఎందులకు?

భుజపుకీలులో ఎముక బంతివలె పెద్దది. అది కూర్చుండు గిన్నె లోతు తక్కువది. ఆ బంతిని నాలుగు కండరముల స్నాయువులు చుట్టి పట్టియుంచును. వీనినే రొటేటర్ కఫ్ అందురు. తెగిన స్నాయువును శస్త్రవైద్యుడు దారములతో ఎముకకు కుట్టును. కాని దారము పట్టియుంచునే గాని అతికింపదు; అతికించుకొనవలసినది శరీరమే. అందుకు సుమారు 12 వారములైనను పట్టును. నొప్పి మాత్రము అంతకు ముందే తగ్గవచ్చును. ప్రమాదమంతయు ఈ నడుమనే యున్నది.

అట్లని చేతిని బొత్తిగా కదపకున్న కీలు బిగిసిపోవును. ఫిజియోథెరపీ ఈ రెండింటి నడిమి దారి. సాధారణముగా మొదటి 4 నుండి 6 వారములు చేయి మెడనుండి వ్రేలాడు పట్టీలో నుండును. వ్రేళ్లు, మణికట్టు, మోచేయి ఆడించుచుండవలెను. భుజమును చికిత్సకుడో, రోగి రెండవ చేయియో కదపవలెను గాని అది తనంత తాను లేవరాదు. పిమ్మట గోడమీద వ్రేళ్లను పైకి పాకించుచు సొంతబలముతో చేయి ఎత్తుట అలవరచుకొనవలెను. 12 వారములు దాటిన పిదపనే రబ్బరుపట్టీలతో బలము పెంచుట. బరువుపనులకు ఆరుమాసములు పట్టవచ్చును. చిరుగు పెద్దదైనచో గడువు పెరుగును. దానిని నిర్ణయించువాడు వైద్యుడు.

కథానాయకుని కొరకు చిత్రీకరణ ఆగును. చేరువనున్న కృష్ణానగర్ నుండి వచ్చు ఫైటరు కొరకు, దీపములు మోయు లైట్‌మ్యాన్ కొరకు ఆగదు. దినవేతనముపై బ్రతుకువానికి ఆరుమాసములు చిన్నమాట కాదని మేమెరుగుదుము. కాని తొందరపడి ఎత్తిన ఒక్క బరువు, కుట్టిన స్నాయువును మరల తెంపవచ్చును. అప్పుడు పోవునది కొన్ని నెలల కూలి కాదు, జీవనాధారమే. ఇంటివారికిని, ఫైట్‌మాస్టర్లకును, నిర్మాతలకును మా మనవి యొక్కటే: నొప్పి లేదుకదా యని అతనిని బరువుపనికి పిలువకుడు. వైద్యుడు ఒప్పిన తేలికపని యిచ్చి నిలుపుకొనుడు.